స్టేజీ వెనక తేనెపట్టు

"చెయ్యి పైకి తియ్యకు. నీళ్ళలోనే ఉండనీ," అన్నారు అత్తగారు.

"వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి అత్తయ్యా."

"ఎక్కనీ. కాసేపు వాటి గోల తగ్గుతుంది."

వంటింటి బల్ల మీద ఐసు ముక్కలు వేసిన గిన్నె. అందులో మణికట్టు దాకా మునిగిన కోడలి ఎడమ చెయ్యి. ఉంగరం వేలు, చిటికెన వేలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ, మడవడానికి వీల్లేనంతగా ఉబ్బిపోయాయి. మిగతా మూడు వేళ్ళూ ఏమీ ఎరగనట్టు మామూలుగా ఉన్నాయి. వాటిని చూస్తేనే ఆమెకు ఎక్కువ దిగులుగా ఉంది.

గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఆయన్ని అందరూ కళ్ళజోళ్ళాయన అంటారు. దుకాణం తెరిచే వేళ దాటిపోయింది. అయినా కదలకుండా, తన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుస్తున్నాడు. పెట్టుకుంటాడు, మళ్ళీ తీస్తాడు.

"పిల్లలకి వయొలిన్ పాఠాల గురించి మాట్లాడి వస్తానని కదా నిన్న స్కూలుకి వెళ్ళావు?" అన్నాడు చివరికి.

"మాట్లాడాను కూడా."

"అక్కడి కిటికీకి తేనెపట్టు ఉందని మాత్రం చెప్పలేదు."

"చెబితే వెళ్ళనిచ్చేవారా?"

"వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు. అందుకని చెప్పలేదన్నమాట. భలే ఉంది న్యాయం!"

నగరంలో పేరున్న వాద్యబృందంలో మొదటి వయొలిన్ ఆమెది. గోడల్లో, కిటికీల్లో, నీళ్ళ ట్యాంకుల కింద పట్టు పెట్టిన తేనెటీగల్ని చంపకుండా పెట్టెల్లోకి ఎక్కించి, ఊరవతలి తోటలకు తరలించడం ఆమె రెండో పని. మొదటి పని వల్ల 'మేడమ్' అనిపించుకుంది. రెండోదాని వల్ల 'ఈగలమ్మ' అయింది. కిందటేడు ఈగలు మెడమీద కుట్టి, ఊపిరందక ఆసుపత్రిలో పడింది. ఆ వారం కచేరీ ఆమె లేకుండానే జరిగింది. అప్పుడే బృందం నడిపే మాస్టారికీ, ఇంట్లో భర్తకీ మాటిచ్చింది, ఎల్లుండి కొత్త హాల్లో జరగబోయే కచేరీ అయ్యేదాకా ఈగల జోలికి వెళ్ళనని.

"స్కూలు వాళ్ళు పెట్రోలు గుడ్డతో కాల్చేస్తామన్నారండీ," అంది మెల్లగా.

"కాలిస్తే?"

"చస్తాయి."

"నీ చెయ్యి చస్తేనో?"

"ఒరేయ్," అన్నారు అత్తగారు, "పొద్దున్నే ఆ మాటలేమిట్రా?"

"నువ్వుండమ్మా. నాకు ఒక్కటే అర్థం కావట్లేదు. దేవుడు దీనికి అంత చెయ్యిచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఆ ఒక్కటీ చాలదా? మళ్ళీ ఈగలెందుకు?"

"మీరు మాత్రం? కళ్ళు పరీక్ష చేస్తారు, వెనక గదిలో కూర్చుని అద్దాలూ అరగదీస్తారు. రెండు పనులే కదా?"

"నా అద్దాలు కుట్టవు!"

అత్తగారికి నవ్వొచ్చింది. ఆవిడ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నవ్వకూడని చోట నవ్వాపుకోవడం బాగా అలవాటు. గిన్నెలో ఇంకో ఐసు ముక్క వేస్తున్నట్టు తల వంచుకున్నారు.

ఆ సమయంలో ఫోన్ మోగింది. తడి చెయ్యి తుడుచుకునే ఓపిక లేక ఆమె కుడిచేత్తో స్పీకర్ నొక్కింది.

"ఈగలమ్మగారేనాండీ?" అటువైపు కంగారుగా ఉన్న గొంతు. "నేను కొత్త ఆడిటోరియం మేనేజర్ని. మా స్టేజీ వెనక గోడ ఉందే, దానికి చెక్క పలకలు బిగించాం. ఆ పలకల వెనక ఈగలు చేరాయండీ. నిన్న లైట్లు పరీక్ష చేస్తుంటే బిలబిలమంటూ బయటికొచ్చేశాయి. మందు కొట్టేవాళ్ళని మధ్యాహ్నానికి రమ్మన్నాను. మా వడ్రంగేమో ముందు మీకు చెప్పమని ఒకటే పోరు. ఎల్లుండి ఇక్కడ పెద్ద కచేరీ ఉందండీ! వస్తారా, మందు కొట్టించెయ్యమంటారా?"

ఎల్లుండి పెద్ద కచేరీ వాయించేది తనే అని ఆ మేనేజరుకు తెలియదు. మేడమ్ వేరు, ఈగలమ్మ వేరు అనుకుంటున్నాడు పాపం.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తుడవడం ఆపాడు.

"వస్తున్నాను. మందు వాళ్ళని రావద్దనండి," అంది.

ఆమె ఫోన్ పెట్టేసింది.

"వెళ్తే..." అన్నాడు భర్త.

"వెళ్తే?"

ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. మేకుకు తగిలించిన దుకాణం తాళాలు తీసుకుని మెట్లు దిగిపోయాడు. ఎప్పుడూ వీధి మలుపులో ఆగి చెయ్యి ఊపే మనిషి, ఈరోజు ఆగలేదు.

అత్తగారు గిన్నెలో నీళ్ళు పారబోసి, చెయ్యి తుడిచి, తన లోపలి గదిలోకి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు భుజానికి పాత చేతిసంచీ ఉంది.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"నీతోటే. నీకు ఊపిరందకపోతే వెయ్యడానికి ఇంజెక్షన్ సంచీలో పెట్టుకున్నాను. కట్టుగుడ్డా పెట్టుకున్నాను. పద."

"మీకు ఈగలంటే భయం కదా?"

"భయమే. కానీ నేనింట్లో కూర్చుంటే ఆ భయం ఇంకా ఎక్కువవుతుంది. నా డ్యూటీలో ఇంతవరకూ ఎవర్నీ పోనివ్వలేదు, నీతో మొదలెట్టను."

* * *

కొత్త హాలంతా రంగు వాసన, చెక్క పొట్టు వాసన. కుర్చీలకింకా ప్లాస్టిక్ తొడుగులు తియ్యలేదు. స్టేజీ వడ్రంగి నెమ్మదైన మనిషి. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, గోడకు చెవి ఆనించి వింటున్నాడు.

"ఇక్కడున్నాయమ్మా. రండి, వినండి."

ఆమె కూడా చెవి ఆనించింది. చెక్క వెనక సన్నటి, ఎడతెగని రొద. కోపంగా లేదు. వాటి మానాన అవి పనిలో ఉన్నాయి.

"ఈ ఒక్క పలక తీస్తే చాలు. మెల్లగా, సుత్తి వాడకుండా," అంది.

ముఖానికి జాలీ టోపీ పెట్టుకుంది. అత్తగారికి ఇంకోటి పెట్టింది. మందపాటి చేతి తొడుగులు తొడుక్కోబోతే అప్పుడొచ్చింది అసలు చిక్కు. కుడి చేతికి ఎక్కింది. ఎడమ చేతికి ఎక్కలేదు. ఎంత లాగినా ఆ రెండు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"ఇటియ్యి," అన్నారు అత్తగారు. సంచీలోంచి కట్టుగుడ్డ తీసి, వేళ్ళ నుంచి మోచేతి దాకా దూది పరిచి పొరలు పొరలుగా చుట్టేశారు. చూస్తుండగానే చెయ్యి పెద్ద సొరకాయంత అయింది.

"దీంతో నేనేం పట్టుకోగలను?"

"నువ్వు పట్టుకోవద్దు. కొయ్యి, చాలు. పట్టుకోవడం, కట్టడం నేను చూస్తా."

వడ్రంగి మరలు విప్పి పలక పక్కకు జరిపాడు. చీకటి సందులోంచి రేకుల్లా వరసగా వేలాడుతున్న తేనె అరలు కనిపించాయి. కొత్తవి తెల్లగా, పాతవి గోధుమరంగులో. వాటి మీద ముసురుకున్న ఈగలు ఒక్కసారి అలలా కదిలాయి. దూరంగా తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు, తలుపును కొంచెం దగ్గరగా వేసుకున్నాడు.

ఆమె పొగడబ్బా తిత్తిని రెండుసార్లు నొక్కింది. తెల్లటి చల్లపొగ సందులోకి పాకింది. రొద పలచబడింది. పొడుగాటి కత్తితో మొదటి అరను పైనుంచి కోసి, అత్తగారి చేతుల్లోకి దింపింది. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఒక్క క్షణమే. తర్వాత ఆ అరను చెక్క చట్రంలో పెట్టి, నూలుదారం చుట్టి ముడివేశారు. చట్రం ఊపి చూశారు. కదల్లేదు.

"అబ్బ, ఎంత బాగా కట్టారు!"

"విరిగిన చేతులకి కట్లు కట్టినదాన్ని. ఇదెంత? పాపం ఇది కనీసం అరవను కూడా అరవదు."

అలా ఒకటి తర్వాత ఒకటి. కోడలు కోస్తుంది, అత్తగారు కడతారు, వడ్రంగి చట్రాలను పెట్టెలోకి దించుతాడు. మనుషులు మాట్లాడుకోవడం తగ్గిపోయింది. ఆమె కళ్ళు మాత్రం ప్రతి అర మీదా రాణి ఈగ కోసం వెతుకుతున్నాయి. రాణి పెట్టెలోకి వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. రాణి గోడలో ఉండిపోతే ఎన్ని అరలు తెచ్చినా లాభం లేదు.

అప్పుడు హాలు తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చిన గొంతు విని ఆమె కత్తి ఆగిపోయింది.

"కుర్చీలు ఎక్కడెక్కడ వెయ్యాలో చూసుకుందామని వచ్చానండీ," అంటున్నారు మాస్టారు. "ఏమిటీ పొగ? ఎవరు వాళ్ళు?"

"మీరు దగ్గరికి రాకండి సార్. తేనెటీగలు. ఆవిడ ఈగలమ్మ అని, ఈ పనిలో ఆవిడ తర్వాతే ఎవరైనా," అన్నాడు మేనేజరు, తనే కనిపెట్టినట్టు.

మాస్టారు మధ్య వరసలోనే ఆగిపోయారు. నిట్టూర్చారు.

"మా బృందంలోనూ ఉందండీ ఒకావిడ. ఇదే పిచ్చి. మాన్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

"అలాగా?"

"ఏం చెప్పమంటారు! ఆ చెయ్యి కమాను పట్టిందంటే ఎదురుగా నిలబడ్డవాణ్ణి నేనే తాళం మర్చిపోతాను. అలాంటి చెయ్యి తీసుకెళ్ళి తేనెతుట్టెలో పెడుతుంది. ఈ మాట నేనన్నానని ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి. నెత్తికెక్కుతుంది."

"ఎక్కదులెండి," అన్నారు జాలీ వెనక నుంచి అత్తగారు, ఇక ఆగలేక.

ఆమె వెనక్కి తిరిగింది. స్టేజీ అంచుదాకా నడిచొచ్చి, టోపీ తీసింది.

మేనేజరు మాస్టారి ముఖమూ ఆవిడ ముఖమూ చూసి, ఏమీ అర్థంకాక, ఏదో అర్థమైనట్టు తలూపాడు.

"మాటిచ్చావు," అన్నారు మాస్టారు.

"ఇచ్చాను మాస్టారూ. తప్పాను."

"ఆ కట్టేమిటి?"

"ఇది తొడుగు ఎక్కక కట్టింది. ఈగలు కుట్టింది నిన్న."

"విప్పు."

అత్తగారు విప్పారు. మాస్టారు మెట్లెక్కి వచ్చారు. చెవి దగ్గర రెండు ఈగలు తిరుగుతున్నా పట్టించుకోలేదు. ఆ రెండు వేళ్ళనూ చాలాసేపు చూశారు. అరుస్తారేమోనని ఆమె ఎదురుచూసింది. అరిస్తే బాగుండేది.

"ఎల్లుండికి తగ్గుతుందా?" అని అత్తగారిని అడిగారు.

"తగ్గొచ్చు. తగ్గకపోనూవచ్చు. అబద్ధం చెప్పను."

"తగ్గొచ్చు అన్నమాట మీద నేను కచేరీ పెట్టలేను తల్లీ." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ పక్కన రెండో కుర్చీలో వాయించే అమ్మాయికి కబురు చేస్తాను. నీ భాగం కూడా చూసుకోమంటాను. రేపు రిహార్సల్‌కి ఇద్దరూ రండి. విన్నాక చెబుతాను, మొదటి కుర్చీలో ఎవరు కూర్చోవాలో."

ఆయన వెళ్ళిపోయారు. తలుపు మూసుకున్న చప్పుడు ఖాళీ హాల్లో పెద్దగా వినిపించింది.

ఆమె టోపీ పెట్టుకుని మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది. జాలీ లోపల కళ్ళ నీళ్ళు తుడుచుకునే వీలు లేదు. చివరి అర కోసింది. అత్తగారి చేతుల్లోకి దింపుతూ ఆగింది.

అర కింది అంచున, మిగతావాటికంటే పొడుగ్గా, నెమ్మదిగా, చుట్టూ పరివారంతో నడుస్తోంది రాణి ఈగ.

"ఇదేనా?" అన్నారు అత్తగారు గుసగుసగా.

"ఇదే అత్తయ్యా. ఊపిరి దాని మీద వదలకండి. అలాగే పెట్టెలోకి దించండి."

పెట్టె మూత వేశాక కాసేపటికి, దాని వాకిట్లో కొన్ని ఈగలు బారులు తీరి, తోకలెత్తి రెక్కలాడించడం మొదలెట్టాయి. దారి ఇదేనని మిగతావాటికి చెప్పడం అది. గోడలోంచి ఒకటీ అరా, తర్వాత గుంపులుగా, ఈగలు పెట్టెలోకి నడిచి వెళ్తున్నాయి. తొయ్యకుండా, తొక్కుకోకుండా. వడ్రంగి నేల మీద చతికిలబడి, నోరు తెరిచి చూస్తున్నాడు.

కుర్చీ పోయేలా ఉంది. భర్త మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అయినా ఆ వరస చూస్తుంటే ఆమెకు లోపలెక్కడో హాయిగా ఉంది. ఆ హాయికి తన మీద తనకే కోపమొచ్చింది.

* * *

పొద్దువాలేదాకా పెట్టెను కదపకూడదు. బయటికెళ్ళిన ఈగలన్నీ తిరిగి రావాలి. వడ్రంగి పలక శుభ్రం చేసుకుంటున్నాడు. అత్తగారు ముందు వరసలో ప్లాస్టిక్ తొడుగు మీదే కూర్చుని కునికిపాట్లు పడుతున్నారు. ఆమె స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

పక్క తలుపులోంచి కళ్ళజోళ్ళాయన వచ్చాడు. చేతిలో వయొలిన్ పెట్టె ఉంది.

"ఇక్కడున్నానని ఎవరు చెప్పారు?" అంది. అడుగుతూనే అత్తగారి వైపు చూసింది. ఆవిడ కునికిపాట్లు ఉన్నట్టుండి గాఢనిద్రగా మారిపోయాయి.

"మాస్టారు వచ్చి చూశారటగా?"

"చూశారు. రేపు ఇద్దరినీ వింటారట."

"సరే. వాయించు మరి."

"ఈ వేళ్ళతోనా?"

"ఎల్లుండి ఆ వేళ్ళతోనే కదా వాయించాల్సింది? ఈరోజే తెలిసిపోతుంది."

ఆమె వయొలిన్ తీసుకోలేదు. "పొద్దున ఏదో అనబోయి ఆగారు. వెళ్తే ఏమిటి?"

ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. దూరంగా ఉన్న తేనెపెట్టె వైపే చూస్తూ చెప్పాడు.

"కిందటేడు నిన్ను ఆసుపత్రిలో చేర్చాక, బట్టలు తేవడానికి ఇంటికెళ్ళాను. ఈ వయొలిన్ కుర్చీలో ఉంది. పొద్దున నువ్వు వాయించి, పెట్టెలో కూడా పెట్టకుండా వెళ్ళావు. నువ్వు తిరిగి రాకపోతే దీన్నేం చెయ్యాలో నాకు తెలియలేదు. మూత వెయ్యాలా, అలాగే ఉంచాలా... అక్కడే నిలబడిపోయాను. నువ్వేమో కచేరీ పోయిందని ఏడ్చావు. నేనూ కచేరీ గురించే తిట్టాను. కచేరీ ఎవడిక్కావాలే!"

ఇన్నాళ్ళూ ఆయన గొణుగుడు ఎందుకో తనకు తెలుసనే ఆమె అనుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఈగల్ని మానేసేదానివి."

"మరి అదేగా మీకు కావాల్సింది?"

"నాకోసం మానేసి, రోజూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే? అదీ భరించలేను. ఏది అడగాలో తెలియకే అరుస్తున్నాను."

ముందు వరసలోంచి గాఢనిద్రలోనే ఒక గొంతు వచ్చింది. "ఒంటరిగా వెళ్ళొద్దని అడగరా."

కళ్ళజోళ్ళాయన తల్లివైపు చూశాడు. కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఒంటరిగా వెళ్ళకు," అన్నాడు భార్యతో. "అమ్మో నేనో ఎవరో ఒకరు. ఇంజెక్షన్ లేకుండా అడుగు బయటపెట్టకు. నాకు చెప్పకుండా అసలే వద్దు."

"ఒప్పుకుంటున్నాను. ఈసారి తప్పితే..."

"ఈసారి మాటివ్వకు. చేసి చూపించు."

ఆమె నవ్వింది. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. వయొలిన్ తీసుకుంది.

ఎల్లుండి కచేరీలో వాయించాల్సిన పాట ఎత్తుకుంటే, మొదటి ప్రయత్నం ఘోరంగా వచ్చింది. ఉంగరం వేలు తీగను నొక్కడం కాదు కదా, దాని మీదికే రాలేదు. నొప్పికి పళ్ళు కరుచుకుంది. వడ్రంగి మర్యాదగా అటు తిరిగాడు. రెండోసారి ఆ రెండు వేళ్ళనూ పక్కన పెట్టేసింది. చూపుడు వేలు, మధ్య వేలు. ఈ రెండింటితోనే తీగ మీద పైకీ కిందికీ జారుతూ మొదలెట్టింది. మూడో వేలు వెయ్యాల్సిన చోటికి చెయ్యి మొత్తం జరగాలి. ఆ జరగడంలో ఒక స్వరం ఇంకోదానిలోకి మెల్లగా ఒరిగేది. పాటలో అంతకుముందు లేని ఏదో బెంగ చేరింది, ఎవరో తడుముకుంటూ మాట వెతుక్కుంటున్నట్టు.

విలంబంగా సాగే మొదటి సగం పూర్తయ్యేసరికి వడ్రంగి ఇటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఇది ఎప్పుడూ ఇలాగే వాయిస్తావా?" అన్నాడు భర్త.

"లేదు. ఇలా ఎప్పుడూ రాలేదు."

"మరి దిగులెందుకు?"

"చివరి భాగం ఉందిగా. అది పరుగు. నాలుగు వేళ్ళూ కావాలి. రెండు వేళ్ళతో ఈ జన్మలో రాదు."

అప్పుడే స్టేజీ మెట్ల దగ్గర ఎవరో దగ్గారు.

రెండో కుర్చీ అమ్మాయి. వీపున వయొలిన్ పెట్టె. లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద.

"అక్కా... మాస్టారు ఫోన్ చేశారు. హాలు ఖాళీగా ఉంటుంది, వెళ్ళి సాధన చేసుకోమన్నారు. నువ్వుంటావనుకోలేదు. వెళ్ళిపోతాను."

"ఎందుకు వెళ్ళడం? రా."

అమ్మాయి వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది. ఆమె చేతికేసి చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

"అక్కా, ఒక మాట. నీకు దెబ్బ తగిలిందని విన్నప్పుడు... ముందు నాకు సంతోషమేసింది. తర్వాతే బాధేసింది. ఆ వరస నాకే నచ్చలేదు. ఆ కుర్చీ నాకు కావాలి. చాలా రోజుల్నుంచీ కావాలి. కానీ ఇలా కాదు."

అత్తగారి నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

"కావాలనుకోవడం తప్పా?" అంది ఆమె. "నేనూ అలా అనుకునే అందులో కూర్చున్నాను. నీ పెట్టె తియ్యి. చివరి భాగం వాయించు, విందాం."

అమ్మాయి శ్రుతి చూసుకుని మొదలెట్టింది. వేగం బాగుంది, కమాను శుభ్రంగా ఆడుతోంది. పరుగు పైకి మలుపు తిరిగే చోట మాత్రం తడబడింది. మళ్ళీ వాయించింది. మళ్ళీ అక్కడే.

"ఎప్పుడూ ఇక్కడే జారిపోతాను," అంది, ఏడుపు గొంతుతో. "ఇంట్లో ఎన్నిసార్లు చేసినా అంతే."

ఆమెకు ఆ తడబాటు ఎందుకో తెలుసు. పక్క కుర్చీలో కూర్చుని ఎన్నో రిహార్సళ్ళలో విన్నదే. రేపు మాస్టారు వినేటప్పుడు కూడా ఈ అమ్మాయి సరిగ్గా అక్కడే తడబడుతుంది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు. ఊరుకుంటే చాలు. అసలు ఏమీ చెయ్యనక్కర్లేదు.

భర్త ఆమెనే చూస్తున్నాడు. కళ్ళజోడు తియ్యలేదు, తుడవలేదు.

ఆమె లేచి అమ్మాయి వెనక్కి వెళ్ళి నిలబడింది.

"వేళ్ళతో పట్టుకోవాలని చూస్తున్నావు. వేళ్ళకి అంత దూరం అందదు. మోచెయ్యి ముందు లోపలికి రావాలి, ఆ స్వరం ఇంకా రాకముందే. వచ్చి సిద్ధంగా ఉండాలి. అప్పుడు వేళ్ళు వాటంతటవే పడతాయి. ఇదిగో, ఇలా." కుడిచేత్తో అమ్మాయి మోచేతిని మెల్లగా లోపలికి జరిపింది. "ఇప్పుడు."

అమ్మాయి వాయించింది. మలుపు దగ్గర ఆగినంత పనయింది, కానీ దాటింది.

మళ్ళీ వాయించింది. ఈసారి మలుపు ఉన్నట్టే తెలియలేదు. పరుగు పైదాకా వెళ్ళి, గలగలా కిందికి దిగి, చివరి స్వరం మీద నిటారుగా నిలబడింది. ఖాళీ కుర్చీల మీదుగా ఆ స్వరం హాలు చివరిదాకా వెళ్ళింది.

అమ్మాయి తన చేతుల్నే నమ్మలేనట్టు చూసుకుంటోంది. ఆ చివరి భాగాన్ని తన నాలుగు వేళ్ళూ బాగున్న రోజుల్లో కూడా తను ఇంత తేలిగ్గా వాయించలేదని ఆమెకు అర్థమైంది. గుండెలో ఏదో కలుక్కుమంది. దాని వెనకే, ఆశ్చర్యంగా, సంతోషమూ వచ్చింది. రెండింటిలో ఏది ముందో ఆ అమ్మాయిలా ఆమె కూడా సరిగా చెప్పగలిగేది.

పైన కిటికీల్లో వెలుగు పసుపురంగుకు తిరుగుతోంది.

"అక్కా," అంది అమ్మాయి భయంభయంగా, "రేపు మాస్టారు నన్నే కూర్చోమంటే?"

ఆమె వంగి తన వయొలిన్ అందుకుంది. వాచిన వేళ్ళు రెండూ పక్కకు పెట్టి, కమాను సరిచేసుకుంది.

"ఆ సంగతి రేపు. మొదటి సగం నేను వాయిస్తాను. అక్కణ్ణుంచి నువ్వు అందుకో," అంది. "ఊఁ, సిద్ధమేనా?"